టెంకాయచిప్ప పట్టిన పండితుడు
ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారి వానప్రస్థం



మన ఆలయ జీర్ణోద్ధరణ కార్యం భగవదనుగ్రహం వల్ల, భక్తుల సహకారం వల్ల నిర్విఘ్నంగా ముగిసి, కుంభాభిషేకం జరుపుకొంటున్న శుభవేళ ఈ సంచిక మీ చేతికి వచ్చింది. జీర్ణోద్ధరణ అనే మాట ఉక్కునగరవాసులకు వివరించి చెప్పవలసిన పని లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మనం ప్రేమగా పేర్లు పెట్టుకొన్న బ్లాస్ట్ ఫర్నేసులు సైతం ఏళ్ల తరబడి మండి మండి, లోపలి ఇటుకల పొర అరిగిపోయినప్పుడు కొంతకాలం చల్లారి, క్యాపిటల్ రిపేరు చేయించుకొని, మళ్లీ జ్వలిస్తాయి. కొలిమికి ఆ అవకాశం ఉంది. గుడికీ ఉంది. మరి మనిషికి ఉన్నదా? అరవయ్యేళ్లు నిండి, కొలువు ముగిసి, ఇంటికి చేరిన మనిషికి జీర్ణోద్ధరణ ఏది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం వెదికితే, స్వయంగా ఒక గొప్ప ఆలయాన్ని ఉద్ధరించిన మహనీయుని జీవితమే మన కళ్ల ముందు నిలుస్తుంది. ఆయనే ఆంధ్రవాల్మీకిగా, వాసుదాసస్వామిగా ప్రసిద్ధులైన వావిలికొలను సుబ్బారావుగారు.

ఈ ప్రశ్న మనకు పుస్తకాలలోనిది కాదు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన మన కర్మాగారంలో, 1980ల తొలినాళ్లలో ఇరవై, ఇరవై అయిదేళ్ల ప్రాయంలో చేరిన యువకులందరూ నేడు అరవై దాటినవారే. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టుల లెక్కతో దినచర్యను, నిద్రను, పండుగలను సైతం మలచుకొన్న మనిషికి, ఒక ఉదయం లేచేసరికి వెళ్లవలసిన చోటు లేకపోవడం ఎంతటి వెలితియో అనుభవించినవారికే తెలుసు. సెక్టారులోని క్వార్టరు ఖాళీచేసి, కూర్మన్నపాలెంలోనో, గాజువాకలోనో, దువ్వాడలోనో సొంతగూటికి మారగానే ఇరుగుపొరుగు మారిపోతారు. పేరుకు ముందో వెనుకో ఉండే హోదా గతమైపోతుంది. పిల్లలు దూరదేశాలలో ఉంటారు. చేతినిండా కాలం ఉంటుంది. ఆ కాలాన్ని ఏమి చేయాలో తెలియదు. ఇటువంటి సంధికాలంలో నిలబడిన ప్రతి ఒక్కరూ సుబ్బారావుగారి జీవితాన్ని ఒక్కసారి మననం చేసుకోవాలి.

కొలువు నాటి జీవితం

సుబ్బారావుగారు 1863లో కడప మండలంలో జన్మించారు. చదువు ముగిసిన పిమ్మట 1883లో, ఇరవయ్యేళ్ల వయస్సులో, ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమస్తాగా చేరి, క్రమంగా రెవిన్యూ ఇన్‌స్పెక్టరు స్థాయికి ఎదిగారు. ఆనాటి రెవిన్యూ ఉద్యోగం ఎటువంటిదో పెద్దలకు తెలుసు. శిస్తు, జమాబందీ, పొలాల తనిఖీ, గ్రామ లెక్కల పరిశీలన అంతా వారి చేతిమీదుగా జరగాలి. తెల్లదొరల ప్రభుత్వానికి పల్లెలో కనిపించే ముఖం రెవిన్యూ అధికారిదే. ఆయన ఊళ్లోకి వస్తున్నారంటే కరణం, మునసబు ఎదురు వెళ్లేవారు. రైతులు చేతులు కట్టుకొని నిలబడేవారు. అటువంటి కొలువులో ఆయన దాదాపు రెండు దశాబ్దాలు గడిపారు. ఈ సంగతిని మీరు గుర్తుంచుకోవాలి. ఆయన తరువాతి జీవితం యొక్క మహత్త్వమంతా దీనితో పోల్చి చూచినప్పుడే బోధపడుతుంది.

అయితే ఆయన మనస్సు కచేరీ కాగితాలకే కట్టుబడి ఉండలేదు. సంస్కృతాంధ్రాలలో గట్టి సాధన చేసి, కావ్యరచనకు పూనుకొన్నారు. శ్రీ కుమారాభ్యుదయము వంటి ప్రౌఢప్రబంధం ఆయన కలం నుండి వెలువడింది. ఆ విద్వత్తే ఆయనకు మరొక ద్వారం తెరచింది. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ప్రవేశించారు. నలుబదియొక్క ఏళ్ల వయస్సులో అధికారపీఠం నుండి అధ్యాపకపీఠానికి మారడం సామాన్యమైన మార్పు కాదు. అక్కడ 1920 వరకు, అనగా పదహారు సంవత్సరాలు, విద్యార్థులకు తెలుగు సాహిత్యం బోధించారు.

రామాయణ రచన

వారి యశస్సుకు మూలస్తంభం శ్రీమదాంధ్ర వాల్మీకి రామాయణము. వాల్మీకి మహర్షి ఇరువదినాలుగు వేల శ్లోకాలలో చెప్పిన రామకథను తెలుగున చెప్పినవారు అనేకులు. కానీ మూలంలో ఉన్నది విడువక, లేనిది చేర్చక, వాల్మీకి హృదయాన్ని ఉన్నదున్నట్లు తెలుగు పద్యాలలోనికి తేవాలన్న దీక్షతో వారు ఈ మహాకార్యాన్ని సాధించారు. ఆ గ్రంథాన్ని ఒంటిమిట్ట కోదండరామస్వామికి అంకితమిచ్చారు. ఆంధ్రలోకం వారిని ఆంధ్రవాల్మీకి అని కీర్తించింది. తరువాతి కాలంలో ఆ రామాయణానికే మందరము అనే విపుల వ్యాఖ్యానాన్ని సంతరించారు. క్షీరసాగరాన్ని చిలికిన మందరపర్వతం పేరు ఆ వ్యాఖ్యకు ఎంతో తగినది. నేటికీ తెలుగునాట రామాయణ ప్రవచనం చేసేవారు, నిత్యపారాయణ చేసేవారు మందరాన్ని ప్రమాణగ్రంథంగా ఆదరిస్తున్నారు.

పాఠకులారా! ఇంతటితో ఈ జీవితం ముగిసి ఉంటే అది ఒక పండితుని సఫల జీవితం అయి ఉండేది. ఏబది ఏడేళ్ల వయస్సు, రాజధానిలో పేరెన్నికగన్న కళాశాలలో ఉద్యోగ విరమణ, ఆంధ్రదేశమంతటా కీర్తి, బిరుదు, శిష్యగణం అన్నీ ఉన్నాయి. సభలలో సన్మానాలు అందుకొంటూ, మద్రాసులోనే సుఖంగా శేషజీవితం గడుపవచ్చు. ఆనాటి లెక్కలో ఏబది ఏడేళ్లంటే వృద్ధాప్యమే. వారిని ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ వారు ఆ దారిని ఎన్నుకోలేదు.

ఒంటిమిట్ట పిలుపు

కడప నుండి రాజంపేటకు వెళ్లే దారిలో, కడపకు సుమారు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఒంటిమిట్ట ఉన్నది. గర్భాలయంలోని సీతారామలక్ష్మణ మూర్తులు ఏకశిలపై వెలసినందున దీనికి ఏకశిలానగరమనే పేరు వచ్చింది. ఇక్కడి గర్భాలయంలో హనుమంతుడు లేకపోవడం విశేషం; స్వామికి ఆంజనేయునితో పరిచయం కాకమునుపటి వనవాస ఘట్టానికి చెందిన ప్రతిష్ఠ అని పెద్దల విశ్వాసం. విజయనగర కాలపు శిల్పసంపద ఉట్టిపడే ముప్పది రెండు స్తంభాల మండపం, ఉన్నతమైన గోపురాలు ఈ క్షేత్రానికి అలంకారాలు. 1652లో ఈ ప్రాంతానికి వచ్చిన టావెర్నియర్ అనే ఫ్రెంచి యాత్రికుడు ఈ గోపురాన్ని చూచి ముగ్ధుడయ్యాడు. కడపను ఏలిన నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ ఈ స్వామి మహిమకు ముగ్ధుడై ఆలయ అవసరాలకు బావి త్రవ్వించాడని స్థలచరిత్ర. ఆ బావి నేటికీ అతని పేరనే వ్యవహారంలో ఉన్నది.

అంతటి వైభవం చూచిన ఆలయం కాలక్రమంలో ఆదరణ కోల్పోయి జీర్ణించింది. ఏ స్వామికి తన రామాయణాన్ని అంకితమిచ్చారో ఆ స్వామి కోవెల ఆ స్థితిలో ఉండగా, కవి తన కీర్తిని తాను అనుభవిస్తూ కూర్చోగలడా? సుబ్బారావుగారు కూర్చోలేకపోయారు. గ్రంథం అంకితమివ్వడంతో తన పని తీరిందని భావించక, తనను తానే అంకితం చేసుకొన్నారు. ఉద్యోగ విరమణానంతరం ఒంటిమిట్ట చేరి, గుడికి సమీపంలోని కొండమీద కుటీరం ఏర్పరచుకొన్నారు. వాసుదాసు అనే దాస్యనామంతో వ్యవహరించుకొన్నారు. మన శాస్త్రాలు గృహస్థాశ్రమం తరువాత చెప్పిన వానప్రస్థం ఇదే. వానప్రస్థమంటే లోకాన్ని విడిచిపోవడం కాదు. లోకం నుండి తీసుకోవడం మాని లోకానికి ఇవ్వడం మొదలుపెట్టడం.

చేతిలో టెంకాయచిప్ప

ఆలయాన్ని ఉద్ధరించాలంటే ధనం కావాలి. జమీందారులకు, అధికారులకు ఉత్తరాలు వ్రాసి చందాలు సేకరించడం వారికి కష్టం కాదు. వారి పేరు చెబితే తలుపులు తెరుచుకొనేవి. కానీ వారు ఒక టెంకాయచిప్పను చేతబట్టి, ఊరూరా, వాడవాడా తిరిగి, ఇంటింటి ముందు నిలబడి స్వామి పేర భిక్షమెత్తారు. అణా ఇచ్చినా స్వీకరించారు, కానీ ఇచ్చినా స్వీకరించారు. అలా చిప్పలో పడిన నాణేలతోనే కోదండరామాలయ జీర్ణోద్ధరణ సాగింది. స్వామికి ఆభరణాలు సమకూరాయి. కైంకర్యాలు పునరుద్ధరింపబడ్డాయి. తనకు తోడై నిలిచిన ఆ చిప్పను ఉద్దేశించి వారు టెంకాయచిప్ప శతకమనే పేరుతో ఒక శతకమే రచించారు. కావ్యాలను రాజులకు, దేవుళ్లకు అంకితమిచ్చిన కవులను ఎరుగుదుము గాని, భిక్షాపాత్రను శతకవస్తువుగా చేసుకొన్న కవిని మరొకరిని చూపడం కష్టం.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించండి. ఒకప్పుడు శిస్తు నిమిత్తం కడప మండలంలోని పల్లెలకు అధికారిగా వెళ్లిన మనిషే, నలభై ఏళ్ల తరువాత చిప్ప పట్టుకొని జనం ముంగిట నిలబడ్డారు. నాడు ప్రభుత్వం తరపున వెళ్లినప్పుడు ఇవ్వక తప్పదు కనుక ఇచ్చారు. నేడు ఇవ్వకపోయినా అడిగేవారు లేరు, అయినా ఇచ్చారు. అధికారం వసూలు చేసిన దానికి, వినయం సంపాదించిన దానికి గల తేడాను ఇంత స్పష్టంగా తన జీవితంలోనే చూడగలిగినవారు అరుదు. మనలో ఎందరో మేనేజర్లుగా, ఫోర్‌మన్‌లుగా వందలాది మందిచేత పని చేయించినవారున్నారు. విరమణ తరువాత సేవాకార్యక్రమంలోకి రమ్మన్నప్పుడు మనకు అడ్డువచ్చేది వయస్సు కాదు, ఓపిక కాదు. నేను ఇంతటివాణ్ణి, జోళ్లు సర్దాలా, విస్తళ్లు వేయాలా అన్న సంకోచం. ఆంధ్రవాల్మీకి చేతికి చిప్ప బరువు కాలేదన్న సంగతి జ్ఞాపకం వస్తే ఆ సంకోచం నిలువదు.

ఇచ్చినదానికన్న పొందినది

సుబ్బారావుగారు ఒంటిమిట్టకు ఇచ్చినదేమిటో అందరికీ తెలుసు. ఆ సేవ ఆయనకు ఇచ్చినదేమిటో ఎక్కువమంది ఆలోచించరు.

మొదటిది, ప్రతి ఉదయానికీ ఒక ప్రయోజనం. విరమణతో ఆయన రోజులు ఖాళీ కాలేదు. వెనుకటికంటె నిండుగా సాగాయి. రెండవది, జనంతో బంధం. కళాశాలలో ఆయనను ఎరిగినవారు విద్యార్థులు, పండితులు మాత్రమే. చిప్ప పట్టిన తరువాత పేదా గొప్పా, చదువుకొన్నవారూ చదువురానివారూ ఆయనకు ఆత్మీయులయ్యారు. ఆ బంధం నుండే శిష్యబృందం పెరిగింది. తెనాలి సమీపాన అంగలకుదురులో ఆశ్రమం, శ్రీ కోదండరామ సేవక ధర్మ సమాజం, భక్తిసంజీవని పత్రిక వంటివి వారి పేరుతో పెనవేసుకొని ఉన్నాయి. కడప మండలంలో పుట్టిన వ్యక్తికి కృష్ణాతీరపు పల్లెలో పీఠం ఏర్పడిందంటే, అది ఉద్యోగం తెచ్చిన పరిచయం కాదు, సేవ తెచ్చిన చుట్టరికం.

మూడవది, విద్యకు పరిపాకం. చేతితో సేవ చేసినంత మాత్రాన కలం మూలపడలేదు. భక్తులకు ఉపదేశాలు, రచనలు, వ్యాఖ్యానకృషి కొనసాగాయి. పోతన ఒంటిమిట్ట వాడేనని నమ్మి, ఆ వాదాన్ని గ్రంథరూపంలో నిలిపారు. ఈ వాదంతో అంగీకరించనివారు పండితులలో అనేకులున్నారు. ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరయే పోతన జన్మస్థలమని వారి నిర్ణయం. ఆ చర్చ ఎలా ఉన్నా, ఆ వయస్సులోనూ పట్టుదలగా వాదించి, పరిశోధించి, వ్రాయగల చురుకుదనం వారికుండిందన్నది మనం గ్రహించవలసిన విషయం.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. హోదాతో పనిలేని గౌరవం. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పదవి 1904లో పోయింది. పండితపదవి 1920లో పోయింది. వాసుదాసు అన్న పేరు మాత్రం 1936లో వారు పరమపదించిన తరువాత కూడా పోలేదు. లెక్కవేసి చూడండి: ప్రెసిడెన్సీ కళాశాలలో పదహారేళ్లు, విరమణ తరువాత పదహారేళ్లు. నేడు ఒంటిమిట్టలో వారిని స్మరించే భక్తులకు మొదటి పదహారేళ్ల సంగతి అంతగా తెలియదు. రెండవ పదహారేళ్లే వారిని చిరస్మరణీయులను చేశాయి. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుండి శ్రీరామనవమి ఉత్సవాలను అధికారికంగా ఒంటిమిట్టలో జరపనారంభించింది. ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానాల పరమైంది. ఆ కల్యాణవేదిక ముందు కూర్చొనే వేలాది భక్తులలో ప్రతి ఒక్కరూ, ఎరిగినా ఎరుగకపోయినా, ఆ టెంకాయచిప్పకు ఋణపడినవారే.

నేటి పరిశోధనలు చెప్పేది

మన పెద్దలు అనుభవంతో చెప్పినదాన్ని నేడు శాస్త్రజ్ఞులు లెక్కలతో పరిశీలిస్తున్నారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు 51 నుండి 91 సంవత్సరాల మధ్య వయస్సు గల వేయిమందికి పైగా వ్యక్తులను నాలుగేళ్ల వ్యవధిలో గమనించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదికి 200 గంటలు, అనగా వారానికి సుమారు నాలుగు గంటలు, స్వచ్ఛంద సేవ చేసినవారికి రక్తపోటు వచ్చే అవకాశం సేవ చేయనివారికంటె 40 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యం బాగున్నవారే సేవకు ముందుకు వస్తారు కనుక ఇటువంటి లెక్కలను కొంత జాగ్రత్తతో చూడాలి. సేవ మందుబిళ్లకు ప్రత్యామ్నాయం కాదు. ఐనా నలుగురిలో కలవడం, కాళ్లూ చేతులూ ఆడటం, మనస్సుకు వ్యాపకం కలగడం వల్ల మేలు జరుగుతుందనడంలో ఆశ్చర్యం లేదు.

అంతకంటె ఆసక్తికరమైన పరిశోధన మరొకటి ఉన్నది. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో ఉన్నత పాఠశాల చదువు ముగించిన వేలాదిమందిని దశాబ్దాల తరబడి అనుసరిస్తూ వచ్చిన అధ్యయనం ఆధారంగా 2012లో ఒక పత్రం వెలువడింది. పరుల మేలు కోరి సేవచేసినవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. తమ లాభం కోసం, తమ సంతృప్తి కోసం సేవచేసినవారికి మాత్రం, ఏ సేవా చేయనివారితో పోలిస్తే, ప్రత్యేక ప్రయోజనం కనబడలేదు. నిష్కామకర్మ అనే మాటకు ఇంతకంటె వ్యాఖ్యానం ఏమి కావాలి? ఆరోగ్యం కోసం సేవ చేద్దామని బయలుదేరితే ఆరోగ్యమూ దక్కదు, సేవా దక్కదు. తనను మరచి చేసినవానికి అడగకుండానే అన్నీ దక్కుతాయి. సుబ్బారావుగారు చిప్ప పట్టినది తన కోసం కాదు. అందుకే చిప్ప వారిని నిలబెట్టింది.

మన ముంగిట

ఇక మన సంగతి. మనమందరం ఆంధ్రవాల్మీకులం కాలేము. కావలసిన అవసరమూ లేదు. కానీ మన చేతులలో ముప్పయ్యేళ్లు సాధించిన పనితనం ఉన్నది. విద్యుత్తు పని ఎరిగినవారు ఉత్సవాల వేళ దీపాల తీగలు భద్రంగా ఉన్నవో లేదో చూడవచ్చు. భద్రతా విభాగంలో పనిచేసినవారు రద్దీ రోజులలో వరుసలను, వంటశాలలో నిప్పును కనిపెట్టి ఉండవచ్చు. లెక్కల విభాగం వారు హుండీ, విరాళాల పద్దులు పైసాతో సహా సరిచూడవచ్చు. చిప్పలో పడిన ప్రతి నాణెమూ స్వామిదే అన్న నిష్ఠ అక్కడే అవసరం. చదువు చెప్పగలవారు సాయంవేళ పిల్లలకు గణితం చెప్పవచ్చు. ఏదీ రాదనుకొన్నవారు ప్రసాదం పంచేచోట నిలబడి చిరునవ్వుతో అందించవచ్చు. ఒంట్లో ఓపిక లేనివారు ఒంటరిగా ఉన్న మరొక సహోద్యోగి ఇంటికి వెళ్లి గంటసేపు మాట్లాడి రావచ్చు, అదీ సేవయే. వారానికి నాలుగు గంటలు ఎవరికి భారం?

ఈ నేల విషయంలో మనకొక ప్రత్యేక బాధ్యత కూడా ఉన్నది. విశాఖ ఉక్కు కోసం 1966లో సాగిన ఉద్యమంలో ప్రాణాలర్పించినవారున్నారు. తాతముత్తాతల నాటి ఊళ్లను, గుళ్లను, పొలాలను ఈ కర్మాగారానికి విడిచివెళ్లిన కుటుంబాలున్నాయి. వారి త్యాగం మీద మన కొలువులు నిలిచాయి. జీవితమంతా ఈ నేల నుండి జీతం తీసుకొన్నవారు, విరమణ తరువాత దానికి కొంత కాలం తిరిగి ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడమే.

జీర్ణోద్ధరణ వేళ ఆలయంలో జరిగే విధిని మీరంతా చూచే ఉంటారు. మూలవిరాట్టు కళను కుంభంలోనికి ఆకర్షించి, చిన్న బాలాలయంలో ఉంచి, అక్కడే పూజలు సాగిస్తారు. పెద్ద గోపురం, పెద్ద మండపం తాత్కాలికంగా లేకపోయినా పూజ ఒక్కపూట కూడా ఆగదు. కొలువు విరమించిన మనిషికీ ఇదే వర్తిస్తుంది. పెద్ద కర్మాగారం, పెద్ద పదవి దూరమైనంత మాత్రాన లోపలి కళ ఎక్కడికీ పోదు. అది చిన్న చోటికి మారుతుంది, అంతే. ఆ చిన్నచోట నిత్యార్చన ఆగకుండా చూచుకోవడమే మన వంతు. మద్రాసు నగరపు విశాలమైన కళాశాలను విడిచి, కొండమీది చిన్న కుటీరంలో, అరచేతిలో ఇమిడే టెంకాయచిప్పలో ఆంధ్రవాల్మీకి తన కళను నిలుపుకొన్నారు. ఆ చిప్పలో నుండి ఒక మహాలయం మళ్లీ తలయెత్తింది.

కుంభాభిషేకం ముగిసి, యాగశాల విప్పి, బంధువులు ఇళ్లకు వెళ్లిన మరునాడు ఆలయంలో ప్రాంగణం ఊడ్చే చేతులు కావాలి. ఆ ఉదయం మీరు రండి.

స్వస్తి.